చిన్నమ్మ అల్లిన రూపు

మొన్న మా మనవరాలు ఆవగింజలంత పూసల డబ్బా ఒకటి తెప్పించుకుంది. వాటితో పాటు సన్నటి సూదులు, నైలాన్ దారం, ఎలా అల్లాలో చూపించే బొమ్మల కాగితం కూడా వచ్చాయి. మంచం మీద అన్నీ పరుచుకుని కూర్చుని, "నానమ్మా, నీ మెడ ఒకసారి ఇటు పెట్టు, కొలత తీసుకోవాలి" అంది. "ఎందుకు?" అన్నాను. "దండ అల్లి నీకే ఇస్తాను" అంది. "నాకెందుకు?" అన్నాను. పిల్ల నవ్వి, "నీకు అన్నీ అనుమానాలే" అని ఆ దారాన్ని తన మెడకే చుట్టుకుంది.

నిజమే. పాలవాడు పోసిన పాలు వేలితో తాకి చూడకుండా పొయ్యి మీద పెట్టను. ఎవరైనా పనిగట్టుకుని తియ్యగా మాట్లాడితే వీళ్ళకు నాతో ఏం అవసరం పడిందా అని ఆలోచిస్తాను. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మా జేజి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య. మా నాయన తల్లిని జేజి అని పిలిచేదాన్ని. ఆ విద్యను మొదట చూపించింది మా చిన్నమ్మ మీద.

మాది ఆదోని వైపు నల్లరేగడి పల్లె. మా అమ్మ నా చిన్నప్పుడే జ్వరం తగిలి పోయింది. ఆమె జేజికి కోడలు మాత్రమే కాదు, మనవరాలు కూడా. నాయన తన సొంత అక్క కూతురినే చేసుకున్నాడు. అందుకని అమ్మ పోయినప్పుడు జేజికి ఒకే చావులో ఇద్దరు పోయినట్టయింది. కొన్నాళ్ళకు చుట్టాలంతా కూడి, ఇంట్లో ఆడపిల్ల ఉంది, పొయ్యి వెలిగించే మనిషి కావాలి అని నాయనకు నచ్చజెప్పి, ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి ఒక పిల్లను తెచ్చి పెళ్ళి చేశారు. ఆమే మా చిన్నమ్మ. సన్నగా, భయం భయంగా ఉండేది. ఎవరైనా పిలిస్తే ముందు ఉలిక్కిపడి, ఆ తర్వాత పలికేది.

నేను చెబుతున్నది ఆమె వచ్చిన తర్వాతి ఎండాకాలం. కర్నూలు అప్పుడు కొత్తగా రాజధాని అయింది. నాయన పోయి చూసి వచ్చి, కచేరీలన్నీ డేరాల్లో పెట్టారని, గుమాస్తాలు డేరాల్లో కూర్చుని రాసుకుంటున్నారని చెప్పాడు. జేజి నమ్మలేదు. "డేరాల్లో రాజ్యం జేస్తారా యాడన్నా? నువ్వు చూసింది సర్కస్సు అయింటాది పోప్పా" అంది. తన కడుపున పుట్టిన కొడుకు కళ్ళారా చూసి వచ్చి చెప్పిన మాటనే నమ్మని మనిషి, పరాయి ఊరి నుంచి వచ్చిన పిల్లను ఏం నమ్ముతుంది?

జేజి మొదటి అనుమానం తిండి మీద. మా ఇంట్లో పొద్దునా రాత్రీ జొన్నరొట్టె. చిన్నమ్మకు రాగి సంగటి, చెనిక్కాయలతో నూరే ఊరిమిండి పచ్చడి అలవాటు. ఆమె సంగటి కెలికిన రోజు ఇల్లంతా కమ్మటి వాసన వచ్చేది. నాకు నోరూరేది. జేజి నన్ను పక్కకు లాగి చెవిలో చెప్పేది:

"నల్లటి ముద్దలో ఏం కలిపినా కనపడదు పాపా. మొగుని చేతిలో పెట్టుకునేకి మందు పెట్టేటోళ్ళు ఆ పక్క శానామంది ఉండారంట. ముందు పిల్లికి పెట్టు. పిల్లి బాగుంటే నువ్వు తిను."

నేను తు.చ. తప్పకుండా అలాగే చేసేదాన్ని. పిల్లికి ఒక ముద్ద పెట్టి, అది మూతి నాక్కుంటూ మళ్ళీ మళ్ళీ అడిగేదాకా చూసి, అప్పుడు తినేదాన్ని. ఆ ఏడాది మా పిల్లి గోడ ఎక్కలేనంత బలిసింది. చిన్నమ్మ అంతా చూసేది, ఒక్క మాట అనేది కాదు. మాట అనకపోవడం కూడా మాకు అనుమానమే. ఏ తప్పూ లేనిది ఎందుకు ఊరుకుంటుంది అనేది జేజి.

చిన్నమ్మకూ తన భయాలు తనకుండేవి. దిండు కింద నిమ్మకాయ, పాత కొడవలి ముక్క పెట్టుకుని పడుకునేది. అమ్మ చీరలున్న పెట్టె నడవలో ఉంటే, దాని పక్క నుంచి పోయేటప్పుడు కొంగు భుజాల చుట్టూ కప్పుకునేది. వచ్చిన మొదటి ఏడు ఆమెకు కడుపు వచ్చి నిలవలేదు. ఈ ఎండాకాలం మళ్ళీ నెల తప్పింది. ఆముదం వాసన వస్తే చాలు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తేది.

ఆ భయానికి కారణం ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. రెండో పెళ్ళిగా వచ్చినామె, పోయిన పెద్ద భార్య రూపును చిన్న బిళ్ళగా చేయించి మెడలో వేసుకోవాలి. దాన్ని సవతమ్మ అంటారు. ముందు పూజ ఆమెకు, తర్వాతే తనకు. అలా మెడలో పెట్టుకుని మర్యాద చేస్తే పోయినామె శాంతించి, వచ్చినామెను, ఆమె పిల్లలను చల్లగా చూస్తుందని నమ్మకం. ఆ రూపు చేయించి వెయ్యాల్సింది అత్తగారు. మా జేజి వెయ్యలేదు. నాయన అడిగితే ఒకసారి కంసాలి ఊళ్ళో లేడంది, ఒకసారి మంచి రోజులు కావంది, ఒకసారి పంట ఇంటికి రానీ అంది. నాకు మాత్రం అసలు మాట చెప్పింది.

"రూపు కడితే మీయమ్మ పోయి ఆమె మెళ్ళో కూచుంటాది. ఇంగ మన కాడ ఏం మిగుల్తాది?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. అమ్మ మనదే అనుకున్నాను.

అప్పుడే ఊళ్ళోకి పూసలామె వచ్చింది. నెత్తి మీద గంప, గంపలో దువ్వెనలు, పిన్నీసులు, కుంకుమ పొట్లాలు, రంగురంగుల పూసలు. చిన్నమ్మ చేటలో జొన్నలు తీసుకుపోయి ఇచ్చి తెల్ల పూసలు, ఎర్ర పూసలు తెచ్చుకుంది. జేజి వాకిట్లో నిలబడి చూసింది. "మనం బంగారం పెట్టలేదని ఊరందరికీ తెలియాల, దానికే ఈ పూసలు" అని తీర్పు చెప్పేసింది.

మధ్యాహ్నం నాయన నిద్రపోయినప్పుడు, జేజి పక్కింట్లో చింతపండు కొట్టడానికి పోయినప్పుడు చిన్నమ్మ నడవలో పాత కంబళి పరిచేది. నున్నటి బండల మీద పూసలు జారిపోతాయి, కంబళి మీద పడితే ఎక్కడివక్కడే ఆగుతాయి. కంచు తట్టలో తెల్లవి, మూకుట్లో ఎర్రవి. ఆ పూసల బెజ్జంలో మామూలు సూది దూరదు. ఆమె దారం రెండు కొనలకూ తేనెమైనం రాసి, వేళ్ళ మధ్య నలిపి, ముల్లులాగా గట్టిగా చేసేది. ఆ రెండు కొనలే ఆమెకు రెండు సూదులు. నాలుగు పూసలు ఎక్కించి, చివరి పూసలోకి ఒక కొన ఇటు నుంచి, ఇంకో కొన అటు నుంచి దూర్చి లాగితే, నాలుగూ దగ్గరకు వచ్చి చిన్న పువ్వులాగా బిగుసుకునేవి. ఆ పువ్వు పక్కన ఇంకో పువ్వు, దాని కింద ఇంకో వరుస. నడవంతా మైనం వాసన.

నేను స్తంభానికి ఆనుకుని కాపలా కూర్చునేదాన్ని. అడిగితే నేర్పించేదేమో, కానీ అడిగితే లోకువ. చూసీ చూడనట్టు చూసి మొత్తం నేర్చుకున్నాను.

ఒకరోజు తల ఎత్తకుండానే అడిగింది.

"పాపా, మీయమ్మ పొడుగుండెనా, పొట్టిగుండెనా?"

"ఏంటికి?" అన్నాను.

"ఊరికే."

లోకంలో ఊరికే అనే మాటంత అనుమానించాల్సిన మాట ఇంకోటి లేదు. "పొడుగు" అన్నాను.

మరునాడు ఇంకోటి. "ముక్కుపుడక ఏ పక్క పెట్టుకునేది?"

"కుడిపక్క."

"కొప్పా, జడా?"

"కొప్పు. ఇంత పెద్దది."

"ఎర్రగుండెనా, నల్లగుండెనా?"

"ఎర్రగా. నీకంటే శానా ఎర్రగా."

చెప్పేసి గడ్డివాము వెనక్కి పోయి కూర్చున్నాను. ఆ జవాబుల్లో ఒక్కటి కూడా నాకు తెలిసి చెప్పింది కాదు. అమ్మ అంటే నాకు రొట్టె తట్టే చేతులు గుర్తున్నాయి, గాజుల చప్పుడు గుర్తుంది, ఆమె ఒళ్ళో పడుకుంటే చీరకుండే పొగవాసన గుర్తుంది. మెడ పైకి చూద్దామంటే ఏమీ కనపడేది కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని చూశాను, తెరిచి చూశాను. ముఖం రాలేదు. ఇంట్లో ఫోటో లేదు. ఆదోనికి పోయి ఫోటో తీయించుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఒకరో ఇద్దరో. జేజిని అడుగుదామంటే, అమ్మ పేరెత్తితే ఆమె ఆ పూట అన్నం తినేది కాదు. నాకు విపరీతమైన భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు. ఈ చిన్నమ్మ అడిగి అడిగి నా దగ్గరున్న కాస్త అమ్మను కూడా లాగేసుకుంటోందని మాత్రం ఖాయం చేసుకున్నాను.

దేవుని గూట్లో ఒక ఇత్తడి బరిణె ఉండేది. అందులో అమ్మ నల్లపూసలు. దారం చీకిపోయి పూసలన్నీ విడివిడిగా పడి ఉండేవి. జేజి శుక్రవారం దానికి సాంబ్రాణి పొగ చూపేది. ఎవరూ లేనప్పుడు నేను బరిణె చెవి దగ్గర పెట్టుకుని ఆడించేదాన్ని. గలగలమనేది. ఆ రోజు వాము దగ్గర నుంచి తిరిగి వచ్చి ఆడిస్తే చప్పుడు పలుచబడింది. మూత తీసి చూశాను. పూసలు తగ్గాయి.

వెంటనే జేజికి చెప్పలేదు. సాక్ష్యం కావాలి కదా. మరునాడు జేజి పక్కింటికి పోగానే గూటి కింద నేల మీద జొన్నపిండి పలుచగా చల్లి, ఏమీ ఎరగనట్టు పోయి వాకిట్లో గచ్చకాయలు ఆడుకున్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చి చూస్తే పిండిలో సన్నటి పాదం, వేలి దగ్గర మెట్టె ఒత్తుకున్న గుర్తు. జేజి మెట్టెలు తీసేసి ఏళ్ళయింది. ఇంట్లో మెట్టెలున్న మనిషి ఒక్కతే.

పరుగెత్తుకుంటూ పక్కింటికి పోయాను. జేజి చింతగింజలు ఏరుతూ ఉంది. చెవిలో చెప్పాను. చేతులు కూడా కడుక్కోకుండా లేచింది.

చిన్నమ్మ కంబళి మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ఒళ్ళోది కొంగు కింద దాచుకుంది.

"తియ్యి" అంది జేజి.

"ఏం లేదత్తా."

"ఏం లేకుంటే దాచేదేంటికి? తియ్యి బయటికి!"

చిన్నమ్మ తీసి జేజి అరచేతిలో పెట్టింది. ఎరుపు, తెలుపు పువ్వుల సన్నటి పట్టీ దండ. దాని మధ్య నుంచి వేలాడుతూ బొటనవేలంత ఆడబొమ్మ. ఒంటికి నల్లపూసలు, ముఖానికి ఎర్రపూసలు, కళ్ళకు తెల్లవి.

జేజి ముఖం పాలిపోయింది. పోయినవాళ్ళ వస్తువుతో బొమ్మ చేశారంటే మా ఊళ్ళో దానికి ఒకటే అర్థం.

"బొమ్మ జేస్తాండావా? నా బిడ్డ పూసలు దొంగిలించి బొమ్మ జేస్తాండావా? ఎవురి మీదికమ్మా ఈ చేతబడి? నా మీదికా, ఈ పసిదాని మీదికా?"

నేను జేజి వెనక్కి చేరి ఆమె కొంగు పట్టుకున్నాను. చిన్నమ్మ మోకాళ్ళ మీద లేచి రెండు చేతులూ జోడించింది.

"దేవుని తోడు అత్తా, చేతబడి కాదు. అది అక్క రూపు. చేపిస్తామంటిరి, చేపిస్తామంటిరి, చేపియ్యకపోతిరి. పోయిన తూరి నా కడుపు నిలవలేదు. అక్కకు నా మీద కోపమొచ్చిందేమోనని దినామూ చస్తాండా. ఈసారన్నా నా బిడ్డ నాకు దక్కాల గదా. బంగారం నాకేం వద్దు. పూసలతో ఐతే నేనే అల్లుకుంటా అనుకుంటి. ఆమె మెళ్ళోవి ఒకటన్నా లేకుంటే ఆమె ఎట్లొస్తాది? దానికే తీసుకుంటి. అడిగితే మీరిస్తారా?"

జేజి దాన్ని పొయ్యిలో పడేస్తుందని అనుకున్నాను. పడెయ్యాలనే కోరుకున్నాను. ఆమె గడప దాకా పోయి, వెలుతురులో దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదెవురు?" అంది.

"అక్కే, అత్తా."

"ఇంత పొడుగుండాదేమి?"

"పాప చెప్పింది. నేను ఆమెను చూడల్యా గదా."

జేజి నా వైపు చూసింది. నేను పిల్లి వైపు చూశాను.

"ముక్కుపుడక కుడిపక్క పెడితివి."

"పాప..."

"ముఖం ఎర్రగా..."

చిన్నమ్మ ఈసారి పాప అనలేదు. తలొంచుకుంది. జేజి మళ్ళీ నా వైపు చూసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. నేను కావాలని అబద్ధాలు చెప్పలేదని, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని ఆమెకు అర్థమైంది. తిడుతుందని ఒళ్ళు బిగబట్టుకున్నాను. తిట్టలేదు. చింతపండు చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి కంబళి మీద కూలబడింది. దండను చిన్నమ్మ ఒళ్ళోకి వేసింది.

"ఇప్పు" అంది.

"అత్తా..."

"బొమ్మ వరకు ఇప్పు మే. నా బిడ్డ పొట్టిది. నా భుజం కాడికి గూడా రాకపాయె. ఉట్టి అందుకోవాలంటే పీట ఎక్కేది. కొప్పు యాడిది? జడ. నడుము దాటేది. ముక్కుపుడక ఎడమపక్క. ముఖం నల్లగా, నూనె రాసినట్ల నిగనిగలాడేది. నల్లపూసలే పెట్టు."

చిన్నమ్మ మైనం కొన పట్టుకుని వరుస వెనక వరుస విప్పుకుంటూ పోయింది. పూసలు ఒక్కొక్కటే కంబళి మీద రాలాయి. జేజి చెబుతూనే ఉంది. అమ్మ చిన్నప్పుడు గాడిద తన్నితే నుదుటి మీద పడిన గాటు, నవ్వితే కనిపించే ఒంకర పన్ను, పుట్టింటికి పోవాలంటే ఏడ్చే అలవాటు. పుట్టింటికి పోయేటప్పుడు ఏడ్చే ఆడపిల్లను లోకంలో ఎవరన్నా చూశారా అని అడిగి, తనే నవ్వి, తనే కళ్ళు తుడుచుకుంది. అమ్మ పోయాక జేజి ఆమె గురించి అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే. చూపు చిన్నమ్మ వేళ్ళ మీద ఉంది, మాటలు మాత్రం నాకు చెబుతోంది. నేను మెల్లగా స్తంభం వదిలి వచ్చి, ఇద్దరి మధ్య కంబళి అంచు మీద కూర్చున్నాను. రాలిన పూసలు ఏరి తట్టలో వేశాను. బరిణె తెచ్చి మూత తీసి పెట్టమని జేజి నాకే చెప్పింది. తెచ్చి పెట్టాను.

మూడు పూటలు కూర్చుని అల్లింది చిన్నమ్మ. పూసల్లో ఒంకర పన్ను ఎలా వస్తుంది, నుదుటి మీద గాటు ఎలా వస్తుంది? నల్లటి పొట్టి బొమ్మ, ఎడమ పక్క తెల్ల చుక్క, నుదుట ఎర్ర చుక్క, వెనక జడ. అంతే. చివరి వరుస వేసి దారం కొసలు ముడివెయ్యబోతుంటే జేజి చెయ్యి అడ్డం పెట్టింది.

"మెడ కింద, ఇదో ఈడ, పుట్టుమచ్చ ఉండె. పెట్టల్యా నువ్వు."

"అత్తా, నల్లపూసల్లో నల్లమచ్చ ఎట్ల కనపడతాది?"

"కనపడకుంటే మానె. పెట్టు."

చిన్నమ్మ బరిణెలోంచి ఒక నల్లపూస ఏరి, మెడ దగ్గర అల్లికలోకి దూర్చి, బిగించింది. జేజి నా చెయ్యి పట్టుకుని, నా వేలి కొసను ఆ పూస మీద పెట్టింది. చుట్టుపక్కల వాటి కంటే అది కాస్త ఎత్తుగా తగిలింది.

తర్వాతి శుక్రవారం ఆ దండను జేజే తన చేత్తో చిన్నమ్మ మెడలో కట్టింది. కార్తీకంలో నాకు తమ్ముడు పుట్టాడు. అత్తాకోడళ్ళు ఆ తర్వాత తల్లీకూతుళ్ళలాగా ఉన్నారని చెబితే అది అబద్ధం. ఉప్పు ఎక్కువైందని, కట్టెలు తడిపావని జేజి ప్రాణమున్నంత వరకు పోట్లాడుకున్నారు. చిన్నమ్మ ఆ రూపును మా అమ్మ మీద ప్రేమతో అల్లిందని కూడా నేను అనను. భయంతో అల్లింది. ప్రేమతో అల్లాను అని ఆ రోజు ఆమె చెప్పి ఉంటే నేను ఒక్క ముక్క నమ్మేదాన్ని కాదు. ఆ భయం చూసే నమ్మాను. నమ్మిన తర్వాతే ఆమె చేతి ముద్ద రుచి తెలిసింది.

చిన్నమ్మ నాయన ఉండగానే, ముత్తయిదువుగా పోయింది. అప్పటికి నాకే పెళ్ళీడు పిల్లలున్నారు. ఆమె మెడలో దండ దారం ఎన్నోసార్లు మారింది, పూసలు మాత్రం అవే. చివరి స్నానం చేయించేటప్పుడు పెద్దవాళ్ళు దాన్ని తీసి నా చేతిలో పెట్టి, ఇది మీ అమ్మది, నువ్వు ఉంచుకో అన్నారు. నాకూ ఆశ పుట్టింది. మా అమ్మ గుర్తుగా అప్పటికి ఈ భూమి మీద మిగిలింది అదొక్కటే. మెడ కింద ఎత్తుగా ఉండే పూస కోసం వేలితో తడిమాను, దొరికింది. కాసేపు దాని మీదే వేలు ఉంచాను.

తర్వాత దాన్ని మళ్ళీ చిన్నమ్మ మెడలోనే కట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళు వింతగా చూశారు. మా అమ్మ ప్రాణాలతో ఉన్న కాలం కంటే చిన్నమ్మ మెడలో ఉన్న కాలమే ఎక్కువ. ఇప్పుడు ఆమెను అక్కడి నుంచి తీసి తెచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు.